వైద్య సహాయకుడికి లైసెన్సు ఎందుకు?

(జంషెడ్‌పూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పిలిచి, "సాబ్, మీరు మెడికల్ కోర్ వాళ్ళు కదా, బీపీ, షుగరు గురించి పది మాటలు చెప్పండి" అన్నారు. బీపీ, షుగరు గురించి చెప్పడానికి ఈ ఊళ్ళో టాటా మెయిన్ హాస్పిటల్‌లో పెద్ద పెద్ద డాక్టర్లున్నారు. వాళ్ళు చెప్పని విషయం ఒకటి ఉంది, అది నేను చెప్తాను. నేను ఇంటర్మీడియట్ బైపీసీ పాసై 1988లో ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరాను. 30 ఏళ్ళు చేసి, 2018లో సుబేదారుగా బయటకు వచ్చాను. ఈ హాలులో నాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు. నర్సింగ్ అసిస్టెంట్లు, ల్యాబ్ వాళ్ళు, ఆపరేషన్ రూమ్ వాళ్ళు, నేవీలో, ఎయిర్‌ఫోర్స్‌లో మెడికల్ అసిస్టెంట్లు. మన చేతిలో పని ఉంది. ఆ పనికి సివిల్‌లో ఏ పేరు ఉంది, ఏ రిజిస్టరులో చోటు ఉంది, ఏది మనం చెయ్యవచ్చు, ఏది చేస్తే కేసు అవుతుంది అన్నదే నేటి నా విషయం.

ముందు ఒక సంగతి చెప్పాలి. పేరు చెప్పను, ఊరు చెప్పను. మన ట్రేడు వాడే, హవల్దారుగా రిటైరయ్యాడు. ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ యజమాని పిలిచి రాత్రి డ్యూటీ ఇచ్చాడు. డాక్టరు సాయంత్రం ఎనిమిదికి వెళ్ళిపోతాడు, మళ్ళీ పొద్దున్నే వస్తాడు. వెళ్ళేముందు ఖాళీ చీటీల మీద సంతకాలు పెట్టి వెళ్తాడు. "రాత్రి కేసు వస్తే నువ్వే చూసుకో, ఫౌజీవి కదా, నీకు తెలియనిదేముంది" అని చెప్పారట. మనవాడికి ఆ మాట బాగుంది. ఎవరికి బాగుండదు చెప్పండి? కొన్ని నెలలు బాగానే గడిచింది. ఒక రాత్రి ఛాతీ నొప్పి అని ఒక పెద్దాయన వచ్చాడు. మనవాడు గ్యాస్ అనుకుని ఇంజెక్షను ఇచ్చి పడుకోబెట్టాడు. అది గ్యాస్ కాదు. తెల్లవారుజామున పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్తే మనిషి దక్కాడు కానీ, ఇంటివాళ్ళు ఊరుకోలేదు, ఫిర్యాదు ఇచ్చారు. పోలీసుల ముందు నర్సింగ్ హోమ్ వాళ్ళు చెప్పిన మాట ఏమిటంటే, "ఇతను మా దగ్గర వార్డుబాయ్, వైద్యం చెయ్యమని మేము చెప్పలేదు" అని.

ఆ తర్వాత వాడు డిశ్చార్జి బుక్ పట్టుకుని నా ఇంటికొచ్చాడు. "అన్నా, ఇందులో నర్సింగ్ అసిస్టెంట్ క్లాస్ వన్ అని రాసుంది కదా, ఇది చూపిస్తే చాలదా?" అని అడిగాడు. చాలదు. డిశ్చార్జి బుక్కు మనం ఏం పని చేశామో చెప్తుంది. ఆ పని బయట చేసే హక్కు ఇవ్వదు. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం, 2019లో 34వ సెక్షను ఉంది. రిజిస్టరులో పేరు లేనివాడు వైద్యం చేస్తే ఒక సంవత్సరం వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంకా వెనక్కి వెళితే, 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు, హోమియోపతి చదివి రిజిస్టరైన డాక్టరు కూడా అల్లోపతి మందులు ఇవ్వడం తప్పేనని తేల్చింది. చదువుకున్న డాక్టరుకే ఆ గతి అయితే, ఏ రిజిస్టరులోనూ లేని మన సంగతి ఏమిటి? వాడి కేసు ఇంకా నడుస్తోంది. గ్రాట్యుటీ డబ్బు వకీలుకి పోతోంది.

ఇక్కడ మీలో కొందరికి కోపం వస్తుంది, నాకు తెలుసు. "మనం సర్వీసులో ఇంతకంటే పెద్ద పని చెయ్యలేదా?" అంటారు. చేశాం. నేను లడఖ్‌లో ఒక పోస్టు మీద ఉన్నప్పుడు, కొత్తగా పైకి వచ్చిన ఒక జవానుకి రాత్రి పూట దగ్గు, ఆయాసం, పెదవులు నీలంగా అయిపోయాయి. హేపో, అంటే ఎత్తు మీద ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. డాక్టరు కింద ఉన్నాడు, నేను పైన ఉన్నాను. రేడియో సెట్టు మీద ఆర్‌ఎంఓ సాబ్‌తో మాట్లాడుతూ ఆక్సిజన్ పెట్టాను, నిఫెడిపిన్ ఇచ్చాను, హేపో బ్యాగ్‌లో పెట్టి తెల్లారేదాకా కాలితో పంపు కొడుతూనే ఉన్నాం, నేనూ, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళూ. పొద్దున్న హెలికాప్టరు వచ్చింది. కుర్రాడు బతికాడు.

కానీ ఆ రాత్రిని కొంచెం జాగ్రత్తగా చూడండి. చేతులు నావి. ఆ ఆర్డరు ఎవరిది? ఆర్‌ఎంఓ సాబ్‌ది. ఏ మందు నేను ఇవ్వవచ్చు, ఎంత ఇవ్వవచ్చు, ఎప్పుడు కిందికి పంపాలి అన్నది ముందే స్టాండింగ్ ఆర్డరుగా రాసి ఉంది. తర్వాత రికార్డు మీద ఆయన సంతకం పెట్టాడు. ఎమ్‌ఐ రూమ్‌లో సిక్ రిపోర్టు రిజిస్టరు గుర్తుందా? జ్వరం గోళీ ఇచ్చినా అందులో ఎక్కేది, కింద ఆయన సంతకం పడేది. ఆ ఆర్‌ఎంఓ సాబ్ కూడా ఏదో ఒక మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఉన్న డాక్టరే. అంటే మనం 30 ఏళ్ళు లైసెన్సు లేకుండా పని చెయ్యలేదండీ, ఆయన లైసెన్సు కింద పని చేశాం. రిటైరైన రోజు మన నైపుణ్యం ఎక్కడికీ పోలేదు. మన వెనక నిలబడ్డ ఆ మనిషి లేకుండా పోయాడు. తేడా అంతా అక్కడే ఉంది.

మన జేసీఓలకు గర్వకారణమైన ఒక పాత సంగతి కూడా చెప్తాను. బ్రిటిషు కాలంలో ఇండియన్ మెడికల్ డిపార్టుమెంటు అని ఉండేది. అందులో సబ్ అసిస్టెంట్ సర్జన్లు జమాదారు, సుబేదారు ర్యాంకుల్లో ఉండేవారు. అంటే ఒకప్పుడు సుబేదారు సాబ్ డాక్టరే. అప్పట్లో లైసెన్షియేట్ అనే చదువు ఉండేది, ఎల్‌ఎంపీ అని మన తాతలు అనేవారు. పెద్ద డిగ్రీ కంటే తక్కువ చదువు, కానీ చట్టబద్ధమైన చదువు. మద్రాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టం 1914లో వచ్చింది. ఈ జంషెడ్‌పూర్ అప్పుడు బీహార్-ఒరిస్సా ప్రాంతంలో ఉండేది, ఇక్కడికి బీహార్ అండ్ ఒరిస్సా మెడికల్ చట్టం 1916లో వచ్చింది. చిన్న చదువైనా, పెద్ద చదువైనా రిజిస్టరులో ఎక్కవలసిందే. 1943 ఏప్రిల్ 3న ఇండియన్ మెడికల్ సర్వీసు, ఈ డిపార్టుమెంటు, హాస్పిటల్ కోర్ కలిపి ఒకే కోర్ చేశారు. ఆ రోజునే మనం కోర్ డే జరుపుకుంటాం. తర్వాత 1946లో భోర్ కమిటీ, ఇక దేశంలో ఒకే రకం డాక్టరు ఉండాలి, ఎంబీబీఎస్ ఒక్కటే ఉండాలని చెప్పింది. లైసెన్షియేట్ చదువు ఆగిపోయింది. డాక్టరుకీ, నర్సుకీ మధ్య ఉన్న మెట్టు మన దేశంలో అలా తీసేశారు. అది మంచిదో చెడ్డదో పెద్దలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మటుకు నేను, మెట్టు తీసేశాక పల్లెలో ఆ ఖాళీని ఎవరు నింపారో చూడమంటాను. ఏ చదువూ లేని ఆర్‌ఎంపీలు నింపారు. మన శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా కనబడతారు. 2000ల చివరలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్ళకి కమ్యూనిటీ పారామెడిక్ శిక్షణ మొదలుపెట్టింది కూడా. ఖాళీ ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా అది.

సరిగ్గా అలాంటి ఖాళీనే అమెరికావాళ్ళు వేరే రకంగా నింపారు. ఇది ఫౌజీలు తప్పక తెలుసుకోవలసిన కథ. 1960లలో వాళ్ళకి పల్లెల్లో డాక్టర్లు చాలడం లేదు. ఇంకో పక్క నేవీ నుంచి, ఆర్మీ నుంచి మనలాంటి మెడికల్ వాళ్ళు రిటైరై వస్తున్నారు, గాయాలు కుట్టినవాళ్ళు, ప్రాణాలు నిలిపినవాళ్ళు. బయట వాళ్ళకి దొరికేది స్ట్రెచరు తోసే ఉద్యోగం. నార్త్ కరోలినా రాష్ట్రంలో డ్యూక్ యూనివర్సిటీలో డాక్టర్ యూజీన్ స్టెడ్ అనే ఆయన 1965లో ఒక కోర్సు పెట్టాడు. మొదటి బ్యాచిలో నలుగురు. నలుగురూ నేవీ మాజీ కోర్‌మెన్‌లే. 1967 అక్టోబరు 6న వాళ్ళలో ముగ్గురు పాసై బయటికి వచ్చారు. వాళ్ళే మొదటి ఫిజీషియన్ అసిస్టెంట్లు. 1969లో వాషింగ్టన్ యూనివర్సిటీలో డాక్టర్ రిచర్డ్ స్మిత్ ఇంకో కోర్సు పెట్టాడు, అందులోకీ వియత్నాం నుంచి వచ్చిన వాళ్ళనే తీసుకున్నారు. ఇప్పుడు అమెరికాలో ఫిజీషియన్ అసిస్టెంట్లు లక్షన్నర పైనే ఉన్నారు. ఆ వృత్తికి పునాది వేసింది మనలాంటి రిటైర్డ్ మెడికల్ సిపాయిలు.

కానీ స్టెడ్ వాళ్ళని యుద్ధంలో చేశారు కదా అని నేరుగా పేషెంట్ల మీదికి వదల్లేదు, రెండేళ్ళు కూర్చోబెట్టి మళ్ళీ చదివించాడు. 1973లో దేశం మొత్తానికి ఒకే పరీక్ష పెట్టారు. ఈనాటికి పద్ధతి ఇలా ఉంది. ముందు గుర్తింపు పొందిన కాలేజీలో కోర్సు, ఇప్పుడది డిగ్రీ తర్వాత సుమారు 27 నెలలు. తర్వాత ఆ జాతీయ పరీక్ష. అది పాసైనా సరిపోదు, ఏ రాష్ట్రంలో పని చేస్తాడో ఆ రాష్ట్రం లైసెన్సు తీసుకోవాలి. నేర చరిత్ర చూస్తారు, పాత పని వివరాలు అడుగుతారు. చాలా రాష్ట్రాల్లో ఏ డాక్టరుతో కలిసి పని చేస్తున్నాడో కాగితం మీద ఉండాలి. అంటే మళ్ళీ మన ఆర్‌ఎంఓ సాబే అన్నమాట! ఆ తర్వాత సర్టిఫికెట్ నిలబడాలంటే రెండేళ్ళకి 100 గంటలు కొత్త విషయాలు చదివినట్టు చూపాలి. పదేళ్ళకోసారి మళ్ళీ పరీక్షించుకోవాలి. మన ఫైరింగ్ ప్రాక్టీసు లాగానే, ఒకసారి మార్క్స్‌మన్ అయితే జన్మంతా మార్క్స్‌మన్ కాదు.

రాష్ట్రాలన్నీ ఒక్కసారిగా కూడా ఒప్పుకోలేదు. మిసిసిపీ రాష్ట్రం ఆఖరున, 2000లో గానీ వాళ్ళకి లైసెన్సు ఇవ్వలేదు. ఇండియానా 2007 దాకా వాళ్ళని మందు చీటీ రాయనివ్వలేదు. మొదటి బ్యాచి పాసైన నాటి నుంచి లెక్క వేస్తే 40 ఏళ్ళు. ఇది చెప్పేది ఎందుకంటే, మన దగ్గర ఆలస్యం అవుతోందని నిరాశపడేవాళ్ళకి కొంచెం ఓదార్పుగా ఉంటుందని. ఇంకో మాట, వాళ్ళ సైన్యంలో 1996 నుంచి మూడు సర్వీసులకూ కలిపి ఒకే కోర్సు నడుస్తోంది. ఒక సార్జంటు అందులో చేరి పాసైతే ఫిజీషియన్ అసిస్టెంటుగా ఆఫీసరు కమిషన్ వస్తుంది. మన తమ్ముళ్ళకి కూడా అలాంటి దారి ఒకటి రావాలని నా కోరిక. పై అధికారులు ఈ సంచిక చదివితే ఈ వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగాలని మనవి.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ ఈ చదువు 1992లో చెన్నైలో మొదలైంది. మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె ఆపరేషన్ల సర్జన్ డాక్టర్ కె.ఎం.చెరియన్ తన పనిలో సాయానికి మనుషులు కావాలని మొదలుపెట్టారు. తర్వాత ఇంకా కొన్ని చోట్ల వచ్చింది. పాసైన పిల్లలు పెద్ద ఆస్పత్రుల్లో పని చేస్తూనే ఉన్నారు. కానీ చాలా ఏళ్ళు వాళ్ళకి దేశమంతా చెల్లే చట్టం లేదు, రిజిస్టరు లేదు. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. అందులో 10 విభాగాలు పెట్టారు. ల్యాబ్ వాళ్ళు, ఆపరేషన్ థియేటరు వాళ్ళు, ఎక్స్‌రే వాళ్ళు, ఫిజియోథెరపీ వాళ్ళు అలా. తొమ్మిదోది మెడికల్ టెక్నాలజిస్టులు, ఫిజీషియన్ అసోసియేట్లు. అసిస్టెంట్ అనకుండా అసోసియేట్ అన్నారు. అమెరికాలో వాళ్ళ సంఘం కూడా అదే సంవత్సరం ఆ పేరుకే మారింది. ఇంగ్లండులో మాత్రం 2025లో ప్రభుత్వం వేయించిన సమీక్ష, పేషెంట్లు వీళ్ళని డాక్టర్లనుకుంటున్నారు, మళ్ళీ అసిస్టెంట్ అనే పిలవండి అని సిఫారసు చేసింది. పేరు దగ్గరే ఇంత తగాదా ఉంటే పని దగ్గర ఎంత ఉంటుందో ఊహించుకోండి.

ఈ చట్టంలో మనకు పనికొచ్చే అంకెలు రెండు. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే రెండు నుంచి నాలుగేళ్ళలో కనీసం 2000 గంటల డిప్లొమా లేదా డిగ్రీ ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అంటే మూడు నుంచి ఆరేళ్ళలో కనీసం 3600 గంటల డిగ్రీ. గంటలు, సర్టిఫికెట్, మార్కులు అంటారు తప్ప, ఎన్ని పోస్టింగులు చేశావు, ఎన్ని మెడల్సు ఉన్నాయి అని అడగరు. ప్రతి రాష్ట్రంలోనూ ఒక కౌన్సిల్, ఒక రిజిస్టరు ఉండాలని చట్టం చెప్తుంది. రాష్ట్రాలు నిదానంగా కదులుతుంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు నెలలు గడువు పెట్టి అమలు చెయ్యమంది. 2025లో కమిషన్ విడుదల చేసిన కొత్త పాఠ్యప్రణాళికల్లో ఫిజీషియన్ అసోసియేట్‌ది కూడా ఉంది. కాబట్టి బండి కదిలింది. కమిషన్ వేరు, కౌన్సిల్ వేరు. మనం ఉండేది జార్ఖండ్‌లో అయితే మనకు రాంచీ, ఊరికి వెళ్ళి స్థిరపడేవాళ్ళకి ఆంధ్రా. ఒక్కో చోట ఒక్కో ఫారం ఉంటుంది, అడిగి వెళ్ళండి.

కొంతమంది ఇంకో మాట పట్టుకుని వస్తారు. మెడికల్ కమిషన్ చట్టంలో 32వ సెక్షను కింద కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడరు అని పరిమిత లైసెన్సు ఉందట కదా సాబ్, అది మనకే కదా అని. ఉంది. చిన్న జబ్బులకి, నివారణకి మాత్రం స్వయంగా కొన్ని మందులు, మిగతావి డాక్టరు పర్యవేక్షణలో అని రాశారు. కానీ చట్టంలో వాక్యం ఉన్నంత మాత్రాన చేతికి కాగితం వచ్చినట్టు కాదు. ఎవరైనా ఏజెంటు, "నాకు ఇంత ఇస్తే ఆ లైసెన్సు ఇప్పిస్తాను" అంటే, దయచేసి ఆ ఏజెంటుకి టీ ఇచ్చి పంపండి, డబ్బు ఇవ్వకండి.

మరి మనం ఏం చెయ్యవచ్చు? మన కోర్సు నేరుగా చెల్లే చోటు ఒకటుంది, అది ఇసీహెచ్‌ఎస్. పాలిక్లినిక్కుల్లో కాంట్రాక్టు పోస్టుల ప్రకటనలు చూడండి. నర్సింగ్ అసిస్టెంటుకి జీఎన్ఎం డిప్లొమా లేదా ఆర్మ్‌డ్ ఫోర్సెస్ క్లాస్ వన్ కోర్సు అని ఉంటుంది. ల్యాబ్ వాళ్ళకీ అలాగే ఉంటుంది. అక్కడ డాక్టరు పక్కనే ఉంటాడు, మన పని మనకి ఉంటుంది. ప్రైవేటులో చేరేవాళ్ళు అపాయింట్‌మెంట్ లెటరులో ఏ పేరుతో తీసుకుంటున్నారో చదవండి. పని ఒకటి, కాగితం మీద పేరు ఇంకొకటి అయితే సంతకం పెట్టకండి. డాక్టరు లేని రాత్రి ఖాళీ సంతకం చీటీలు ఇస్తే ముట్టుకోకండి. వీధిలో ఎవరైనా పడిపోతే ఫస్ట్ ఎయిడ్ చెయ్యండి, రక్తం ఆపండి, సీపీఆర్ చెయ్యండి, ఆస్పత్రికి చేర్చండి. అది మన ధర్మం, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. బోర్డు కట్టడం, పేరు ముందు డాక్టరు అని రాసుకోవడం మాత్రం వద్దు. కద్మాలో మా వీధి పిల్లలు కూడా నన్ను "డాక్టర్ తాతా" అంటారు. పిల్లలు అననీ, పర్వాలేదు, నేను మాత్రం సుబేదారునే!

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళు ఇది మరీ జాగ్రత్తగా వినండి. మీ కోర్సు సర్టిఫికెట్, మార్కుల షీటు, కోర్సు ఎన్ని వారాలు, రోజుకి ఎన్ని గంటలు, ఏ ఆస్పత్రిలో ప్రాక్టికల్ చేశారు, ఇవన్నీ యూనిట్లో ఉన్నప్పుడే సంపాదించి పెట్టుకోండి. రిటైరయ్యాక లక్నో రికార్డ్స్‌కి ఉత్తరాలు రాసి తెప్పించుకోవడం ఎంత పనో మీ పక్కన కూర్చున్న పెద్దల్ని అడగండి. వీలైతే సర్వీసులో ఉండగానే గుర్తింపు ఉన్న డిప్లొమా ఒకటి చెయ్యండి. 40 ఏళ్ళకి బయటకి వస్తే ఇంకా 20 ఏళ్ళు పని చెయ్యాలి మీరు.

పిల్లల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఈ మధ్య మా బంధువు ఒకాయన వచ్చాడు, ఆయన కూడా మాజీ సైనికుడే. కూతురికి బీఎస్సీ ఫిజీషియన్ అసిస్టెంట్ సీటు వచ్చింది. "బావా, నాలుగేళ్ళు చదివితే అమెరికాలో లక్షల జీతమట, అక్కడ ఇదే పెద్ద ఉద్యోగమట, ఏజెంటు చెప్పాడు" అన్నాడు. అక్కడ అది పెద్ద ఉద్యోగమన్నది నిజం. మన డిగ్రీతో అక్కడ అది దొరుకుతుందన్నది మాత్రం నిజం కాదు. వాళ్ళ జాతీయ పరీక్షకి కూర్చోవాలంటే వాళ్ళ సంస్థ గుర్తించిన కోర్సులోనే చదివి ఉండాలి, ఆ సంస్థ అమెరికా బయట కాలేజీలకి గుర్తింపు ఇవ్వదు. అంటే మన పిల్ల ఇక్కడ చదివినా అక్కడికి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చదవాలి. ఆ ఖర్చు ఎంతో ఆయన ఏజెంటుని అడగలేదు. అడిగినా ఏజెంటు చెప్పడు.

అలాగని ఆ చదువు చెడ్డదని నేను అనలేదు. ఆయన్ని మూడు విషయాలు కనుక్కోమన్నాను. కాలేజీకి యూనివర్సిటీ అనుబంధం ఉందా? కోర్సు కొత్త చట్టం చెప్పిన గంటలకి, కమిషన్ పాఠ్యప్రణాళికకి సరిపోతుందా? ఇంటర్న్‌షిప్ ఏ ఆస్పత్రిలో, అక్కడ పడకలు ఎన్ని? ఆ పిల్ల మాత్రం నన్ను వేరే ప్రశ్న అడిగింది. "మామయ్యా, డాక్టరు కాని దాన్ని పేషెంటు నమ్ముతాడా?" అని. ఎమ్‌ఐ రూమ్‌లో జవాన్లు ఆర్‌ఎంఓ సాబ్‌కి చెప్పని బాధలు కూడా నాకు చెప్పేవారమ్మా అన్నాను. వాళ్ళు ఆ కాలేజీ చూడటానికి వచ్చే నెల వెళ్తున్నారు.

వచ్చే ఆదివారం పొద్దున్న 10 గంటలకి నేను సంఘం గదిలో ఉంటాను. మనలో క్లర్కుగా రిటైరైన సాబ్ ఒకరు కూడా వస్తామన్నారు, ఫారాలు నింపడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. మెడికల్ ట్రేడు వాళ్ళు డిశ్చార్జి బుక్, కోర్సు సర్టిఫికెట్ల జిరాక్సులు రెండేసి సెట్లు తీసుకురండి. ఒరిజినల్స్ ఇంట్లోనే ఉంచండి.

జై హింద్.